ఓపెనింగ్ డీజే సెట్: ఖాళీ ఫ్లోర్‌ను నింపి గెస్ట్‌కు అప్పగించే దాకా

పోస్టర్ మీద గెస్ట్ డీజే పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద, కళ్లు చికిలించి చూస్తే గానీ కనపడని సైజులో ఇంకో పేరు ఉంటుంది. ఆ చిన్న పేరు మీదైతే ఈ వ్యాసం మీకోసమే. హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా కొత్తగా క్లబ్బుల్లోకి వచ్చిన డీజేకి ముందుగా దొరికేది ఓపెనింగ్ స్లాటే. తొమ్మిదింటికి తలుపులు తీస్తారు, పదకొండింటికి గెస్ట్ ఎక్కుతారు. మధ్యలో ఉన్న రెండు గంటలు మీవి.

ఆ రెండు గంటల్లో తమ దగ్గరున్నదంతా చూపించేయాలని తాపత్రయపడేవాళ్లే ఎక్కువ. తొమ్మిదిన్నరకే డ్రాప్ (బిల్డప్ తర్వాత దరువంతా ఒక్కసారిగా పేలే చోటు) మీద డ్రాప్ పడుతుంటుంది, ఫ్లోర్ మీద ఆరుగురుంటారు, అందులో ఇద్దరు ఆ డీజే ఫ్రెండ్సే. పదకొండు అయ్యేసరికి వచ్చిన జనం చెవులు అలసిపోయి ఉంటాయి, మంచి పాటలన్నీ అయిపోయి ఉంటాయి. పాపం గెస్ట్ ఏం చేసినా కొత్తగా అనిపించదు. ఓపెనింగ్ డీజే పని మిగల్చడం. వాల్యూమ్ మిగల్చాలి, టెంపో మిగల్చాలి, అందరికీ తెలిసిన హిట్లు మిగల్చాలి. పదకొండింటికి జనం ఫ్లోర్ మీద ఉండాలి, ఇంకా కావాలన్న ఆకలితో ఉండాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. న్యూయార్క్‌లో డేవిడ్ మాన్‌కూసో 1970లో తానుంటున్న చోటే పార్టీలు మొదలుపెట్టారు. 'ద లాఫ్ట్' అని పేరుపడ్డ ఆ పార్టీల్లో ఆయన రాత్రిని మూడు దశలుగా నడిపేవారు. టిబెట్ బౌద్ధం నుంచి తీసుకుని వాటిని 'బార్దో'లు అనేవారు. మొదటి దశ నెమ్మదిగా, ప్రశాంతంగా సాగేది. రెండోది సర్కస్ స్థాయి హడావిడి. మూడోది మనిషిని మెల్లగా దించి ఇంటికి పంపేది. ఆయనకు రాత్రంతా తనదే కాబట్టి మూడూ తనే చేసేవారు. మన చేతికి వచ్చేది మొదటిది మాత్రమే.

ఇక్కడ ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుందాం. శనివారం రాత్రి, జూబ్లీహిల్స్‌లో మూడు వందల మంది పట్టే పబ్. గెస్ట్ డీజే ప్లే చేసేది క్లబ్ డ్యాన్స్ సంగీతంలో హౌస్, టెక్ హౌస్ అనే రకాలు. మీరు తొమ్మిది నుంచి పదకొండు దాకా, గెస్ట్ పదకొండు నుంచి మూసేదాకా.

మొదటి పని: ఒప్పుకునే ముందు అడగాల్సినవి

బుకింగ్ మెసేజ్ రాగానే 'డన్ బ్రో' అని కొట్టేయకండి. తలుపులు ఎన్నింటికి తీస్తారు, గెస్ట్ కచ్చితంగా ఎన్నింటికి ఎక్కుతారు, కన్సోల్ (డీజే పరికరాలుండే బల్ల) మీద ఏ ప్లేయర్లు, ఏ మిక్సర్ ఉన్నాయి, బాలీవుడ్, తెలుగు పాటలు ఉండాలా వద్దా, సౌండ్‌చెక్ ఎన్నింటికి, డబ్బులు ఎప్పుడు, ఎలా ఇస్తారు. ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడినా సరే, తర్వాత వాట్సాప్‌లో రాసి పంపండి. రాతలో ఉంటే రేపు ఎవరూ మాట మార్చరు.

రూఫ్‌టాప్ ఉన్న చోటైతే ఇంకొకటి అడగాలి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్. జూబ్లీహిల్స్ పబ్బుల గొడవ హైకోర్టు దాకా వెళ్లిన సంగతి తెలిసిందే కదా. అందుకే చాలా చోట్ల పదింటికి బయటి స్పీకర్లు కట్టేస్తారు. దాంతో అప్పటిదాకా మేడ మీద కూర్చున్నవాళ్లలో సగం మంది ఒకేసారి లోపలికి వస్తారు. పది దాటాక హఠాత్తుగా గది నిండితే అది మీ పాట గొప్పతనం అనుకోకండి. కాకపోతే అలా జరుగుతుందని ముందే తెలిస్తే, ఆ సమయానికి సరైన పాట సిద్ధంగా పెట్టుకోవచ్చు.

తర్వాత గెస్ట్ గురించి తెలుసుకోవాలి. వాళ్ల ఈమధ్య సెట్లు రెండు మూడు యూట్యూబ్‌లోనో సౌండ్‌క్లౌడ్‌లోనో వినండి. మొత్తం వినే తీరిక లేకపోతే మొదటి పదిహేను నిమిషాలైనా వినండి. మీకు కావాల్సింది ఎక్కువగా అక్కడే దొరుకుతుంది: ఏ టెంపోలో (నిమిషానికి ఎన్ని బీట్లు, అంటే ఎంత బీపీఎం) ఎక్కుతున్నారు, గొంతు ఉన్న పాటతో మొదలుపెడుతున్నారా, డ్రమ్స్‌తోనా. వీలైతే వారం ముందు ఒక మెసేజ్ పెట్టండి: "మీకు ముందు నేను ప్లే చేస్తున్నాను. ఎంత బీపీఎం దగ్గర అప్పగిస్తే మీకు బాగుంటుంది? నేను ముట్టుకోకూడని పాటలేమైనా ఉన్నాయా?" జవాబు రాకపోయినా నష్టం లేదు. వస్తే మాత్రం సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

రెండో పని: పాటల ఎంపిక

రెండు గంటలకు, ఒక్కో పాట నాలుగైదు నిమిషాలు వినిపిస్తే, పట్టేది పాతిక నుంచి ముప్ఫై పాటలు. ఫోల్డర్‌లో మాత్రం డెబ్భై దాకా ఉండాలి. ముప్ఫై పాటల వరుసను ఇంట్లోనే రాసుకుని వస్తే గది ఎటు పోతున్నా మీరు మీ వరుసలోనే పోతారు. రెండు వందల పాటలు తెస్తే చీకట్లో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఆ డెబ్భైని మూడు ప్లేలిస్టులుగా విడదీయండి.

మొదటిది ఖాళీ గది కోసం. 105 నుంచి 114 బీపీఎం దాకా ఉండే నెమ్మది డిస్కో, సోల్, డౌన్‌టెంపో, మెత్తటి అమపియానో. పాట వింటూ పక్కవాళ్లతో మాట్లాడుకోగలగాలి, మాట ఆగినప్పుడు పాట బాగుందే అనిపించాలి.

రెండోది సగం నిండిన గది కోసం. 116 నుంచి 120 దాకా: డీప్ హౌస్, నూ డిస్కో, కాస్త ఆఫ్రో హౌస్. ఇక్కడ బేస్‌లైన్ ముఖ్యం. మనిషి కాలు కదిలేది దానికే.

మూడోది అప్పగింత కోసం. 120 నుంచి 123 దాకా. గెస్ట్ 125 దగ్గర ఎక్కుతారని తెలిస్తే మీరు 123 దాటకండి. ఆ రెండు బీపీఎంలు వాళ్ల కోసం వదిలిపెట్టాలి. వాళ్లు మొదటి పాట వేయగానే గది ఒక మెట్టు ఎక్కినట్టు అనిపించాలంటే ఎక్కడానికి మెట్టంటూ ఉండాలి కదా.

ఏ పాటలు వద్దో కూడా చెప్పుకోవాలి. గెస్ట్ సొంత ట్రాకులు వద్దు, వాళ్ల రీమిక్సులు వద్దు. ఈ నెల ప్రతి రీల్‌లో మోగుతున్న పాట వద్దు. నిమిషం సేపు బిల్డప్, స్నేర్ రోల్, ఆపై నిశ్శబ్దం, ఆపై పేలుడు, ఇలాంటి పాటలు ఎంత ఇష్టమైనా ఇంట్లో వదిలి రండి. ఆ డ్రాప్‌కు చేతులెత్తే జనం ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారు.

అన్నీ ఎక్స్‌టెండెడ్ మిక్సులే తీసుకోండి. రేడియో ఎడిట్ మొదటి సెకనులోనే గొంతుతో మొదలైతే దాన్ని కలపడానికి చోటే ఉండదు. ఎక్స్‌టెండెడ్ మిక్స్‌లో ముందూ వెనకా డ్రమ్స్ మాత్రమే ఉండే భాగాలు ఉంటాయి. మీ పని జరిగేది ఆ భాగాల మీదే. ఫైళ్లు బీట్‌పోర్ట్, బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట్ల కొనుక్కోండి. ఎంపీ3 అయితే 320 కేబీపీఎస్, వీలైతే ఏఐఎఫ్ఎఫ్. యూట్యూబ్ నుంచి దించిన పాట ఇయర్‌ఫోన్స్‌లో బాగానే ఉన్నట్టుంటుంది. పెద్ద స్పీకర్ల మీద హైహ్యాట్లు (సన్నని తాళాల శబ్దం) నీళ్లలో తడిసినట్టు, కిక్ (డ్రమ్ పెద్ద దెబ్బ) పొట్ట ఖాళీ అయినట్టు వినపడుతుంది. గది ఖాళీగా ఉన్నప్పుడు ఇది మరీ బయటపడుతుంది, కప్పిపుచ్చడానికి జనం అరుపులు కూడా ఉండవు.

తెలుగు నైట్‌కు ఓపెనింగ్ అయితే లెక్క ఇదే, సరుకు మారుతుంది. మాస్ పాటలు, తీన్‌మార్ దరువులు పదకొండు తర్వాతి సొత్తు. మీరు తొంభైల మెలొడీల హౌస్ ఎడిట్లు, పల్లవి గుర్తుపట్టేలా ఉండి దరువు తేలికగా ఉండే రీమిక్సులు పెట్టుకోండి. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు కూనిరాగం తీస్తే చాలు, లేచి ఊగిపోనక్కర్లేదు. ఒక జాగ్రత్త: పాత సినిమా పాటలకు క్లిక్ ట్రాక్ (టెంపో మారకుండా ఉంచే టిక్ టిక్ శబ్దం) ఉండదు, లైవ్ డ్రమ్మర్ వాయించాడు. టెంపో పాటలోనే అటూ ఇటూ జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి బీట్ మీదా గీసే గీతలు, అంటే బీట్‌గ్రిడ్, దాని మీద సరిగ్గా కూర్చోదు. అలాంటి వాటికి ఎడిట్ దొరక్కపోతే వదిలేయండి, లేదా చెవితోనే కలపడం నేర్చుకోండి. రెండు పాటల టెంపోను యంత్రమే కలిపేసే సింక్ బటన్ నొక్కడం తప్పా ఒప్పా అన్న వాదన ఇంటర్నెట్‌లో పదిహేనేళ్లుగా నడుస్తోంది. ఫ్లోర్ మీద ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ సంగతి అడగరు. గ్రిడ్ తప్పయినప్పుడు మాత్రం సింక్ మిమ్మల్ని ముంచుతుంది, అందుకే చెవి కావాలి.

మూడో పని: పెన్‌డ్రైవ్

మన క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించేవి పయొనీర్ డీజే ప్లేయర్లే: సీడీజే 2000 నెక్సస్ 2, లేదా 2020లో వచ్చిన సీడీజే 3000. రెండింటికీ పాటలు రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో అనలైజ్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయాలి. పాటల్ని ఊరికే కాపీ చేసి తీసుకెళ్లినా మోగుతాయి, కానీ మీరు సరిచూసుకున్న బీట్‌గ్రిడ్, క్యూ పాయింట్లు (పాటలో నేరుగా దూకడానికి పెట్టుకునే గుర్తులు) ఉండవు.

పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. కొత్తగా కొన్న పెద్ద డ్రైవ్ సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తుంది. క్లబ్బుల్లో ఉండే చాలా ప్లేయర్లు దాన్ని చదవవు, డ్రైవ్ పెట్టినా స్క్రీన్ మీద ఏమీ రాదు. విండోస్ మామూలు మెనూలో 32 జీబీ కంటే పెద్ద డ్రైవ్‌కు ఫ్యాట్32 ఆప్షన్ చూపించదు. దానికి వేరే చిన్న టూల్ వాడాలి, లేదా 32 జీబీ డ్రైవే కొనుక్కోవాలి. ఓపెనింగ్ సెట్‌కు 32 జీబీ దండిగా సరిపోతుంది. అదే లైబ్రరీతో రెండో డ్రైవ్ కూడా జేబులో ఉండాలి. ఇంకా పాత నెక్సస్ ప్లేయర్లు ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైళ్లను చదవవు. ఏఐఎఫ్ఎఫ్ అయితే ఈ గొడవ ఉండదు.

అనలైజ్ అయ్యాక ప్రతి పాటనూ తెరిచి మొదటి కిక్ మీద గ్రిడ్ గీత సరిగ్గా ఉందో లేదో కళ్లతో చూడండి. ఒక క్యూ అక్కడ, ఇంకోటి మీరు బయటికి రావడం మొదలుపెట్టే చోట పెట్టండి. ఎనిమిది హాట్‌క్యూలు ఉన్నాయి కదా అని ఎనిమిదీ నింపనక్కర్లేదు.

కీ, అంటే పాట శ్రుతి, చూసి కలపడం గురించి రెండు ముక్కలు. రికార్డ్‌బాక్స్‌లో కేమలాట్ పద్ధతి పెట్టుకుంటే ప్రతి పాట పక్కన 8ఏ, 5బీ లాంటి గుర్తు వస్తుంది. 8ఏ పాట తర్వాత 8ఏ, 7ఏ, 9ఏ, 8బీ ఏదైనా కలుస్తుంది. ఓపెనింగ్ సెట్‌లో మిక్సులు పొడవుగా ఉంటాయి కాబట్టి ఇది పనికొస్తుంది: రెండు బేస్‌లైన్లు కీ తప్పి నిమిషం సేపు కలిసి మోగితే సంగీతం తెలియనివాళ్లకు కూడా చిరాకొస్తుంది. అలాగని కీ కలవలేదని సరైన పాటను వదిలేయొద్దు. డ్రమ్స్ మాత్రమే ఉన్న చోట కలిపితే కీతో పనే లేదు.

నాలుగో పని: తలుపులు తీయక ముందు

గంట ముందు చేరండి. శనివారం సాయంత్రం గచ్చిబౌలి వైపు నుంచి వస్తుంటే ఇంకో అరగంట కలుపుకోండి.

ముందు సౌండ్ ఇంజినీర్‌ను పలకరించండి. ఆ రాత్రి మీకు అందరికంటే ఎక్కువ అవసరమయ్యే మనిషి ఆయనే. "అన్నా, మాస్టర్ వాల్యూమ్ ఎక్కడ పెట్టమంటారు? గెస్ట్‌కు ఎంత ఉంచాలి?" అని అడిగిన డీజేని ఏ సౌండ్ ఇంజినీరూ మర్చిపోడు, ఎందుకంటే అలా అడిగేవాళ్లు తక్కువ.

తర్వాత కన్సోల్. ప్లేయర్లన్నీ ల్యాన్ కేబుల్స్‌తో లింక్ అయి ఉన్నాయా, ఒక డ్రైవ్ పెడితే రెండో ప్లేయర్‌లో కూడా కనపడుతోందా? టెంపో రేంజ్ ప్లస్ మైనస్ 6 లోనో 10 లోనో ఉందా? 'వైడ్'లో ఉంటే ఫేడర్‌ను వెంట్రుకవాసి కదిపినా పాట పరుగెత్తుతుంది. మాస్టర్ టెంపో (టెంపో మార్చినా శ్రుతి మారకుండా ఉంచేది) ఆన్‌లో ఉందా? బూత్ మానిటర్లు (డీజే వినడానికి పెట్టే స్పీకర్లు) మోగుతున్నాయా? ముందు రాత్రి డీజే వదిలేసిన ఎఫెక్ట్ ఏదైనా ఆన్‌లో ఉండిపోయిందా? హెడ్‌ఫోన్ జాక్‌కు పెద్ద పిన్ అడాప్టర్ మీ దగ్గరుందా? అది లేక ఆగిపోయిన సెట్లున్నాయి.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన ఒక పాట పెట్టి బూత్ దిగి గదంతా తిరగండి. బార్ దగ్గర, ఫ్లోర్ మధ్యలో, వెనక సోఫాల దగ్గర. ఖాళీ గది గాజు, గ్రానైట్ మీద శబ్దాన్ని తిప్పికొడుతుంది, హైస్ (సన్నని, పదునైన శబ్దాలు) చెవికి గుచ్చుకుంటాయి. జనం వచ్చాక వాళ్ల బట్టలు, ఒళ్లు ఆ హైస్‌ను పీల్చుకుంటాయి. అందుకని తొమ్మిదింటికి మిక్సర్ మీద హైస్ కాస్త తగ్గించి మొదలుపెట్టి, గది నిండే కొద్దీ మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలి.

వాల్యూమ్ విషయం బాగా గుర్తుంచుకోండి. చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. గెస్ట్ సమయానికి ఉండబోయే స్థాయికి పది డెసిబెల్స్ తక్కువగా మీరు మొదలుపెడితే, జనానికి రెండు గంటల్లో శబ్దం రెట్టింపైనట్టు అనిపిస్తుంది. అదంతా మెల్లగా జరుగుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. చానల్ మీటర్లు పచ్చ దాటి నారింజ గీతలు ఒకటి రెండు తాకితే చాలు, ఎరుపు ముట్టకూడదు. క్లబ్ సిస్టమ్‌కు లిమిటర్ ఉంటుంది. మీరు ఎరుపులోకి నెడితే అది నొక్కేస్తుంది. శబ్దం పెరగదు, గరగర మాత్రం పెరుగుతుంది.

ఐదో పని: మొదటి ముప్పావు గంట

గదిలో బార్‌టెండర్లు, వెయిటర్లు, నాలుగు టేబుళ్లు. ఒక జంట మెనూ చూస్తోంది. ఆఫీసు బ్యాచ్ ఒకటి ఇంకా రాని వాళ్లకు లొకేషన్ పంపుతోంది. ఎవరూ మీ వైపు చూడరు. చూడాల్సిన పని కూడా లేదు.

పాటల్ని పూర్తిగా విననివ్వండి. ఐదు నిమిషాలు, ఆరు నిమిషాలు పోనివ్వండి. ఈ సమయంలో ఎఫెక్టులు వద్దు, లూపులు వద్దు, మైకు అసలే వద్దు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ముందుకు వంగకుండా మాట్లాడుకోగలుగుతున్నారా అన్నదే వాల్యూమ్‌కు కొలత. తక్కువ వాల్యూమ్‌లో మనిషి చెవికి బేస్ తక్కువగా వినపడుతుంది, కాబట్టి 'బేస్ లేదే' అనిపించి లో నాబ్ తిప్పేయాలనిపిస్తుంది. తిప్పకండి. గంట తర్వాత వాల్యూమ్ పెరిగినప్పుడు ఆ బేస్ గోడలు అదరగొడుతుంది. దానికి బదులు మిడ్స్‌లో (బేస్‌కూ హైస్‌కూ మధ్య శబ్దాల్లో) వెచ్చదనం ఉన్న పాటలు ఎంచుకోండి: రోడ్స్ పియానో, గిటార్, కాంగా, నిండుగా ఉండే ఆడ గొంతు.

ఇక్కడ ధైర్యం చేయొచ్చు కూడా. పన్నెండింటికి ఎవరూ ప్లే చేయలేని పాటలు, ఎనిమిది నిమిషాల వింత డిస్కో, ఎవరికీ తెలియని నైజీరియా ఫంక్, తొమ్మిదింబావుకు హాయిగా చెల్లుతాయి. నన్నడిగితే ఓపెనింగ్ స్లాట్‌లో అసలైన సుఖం ఇదే. గెస్ట్‌కు ఈ స్వేచ్ఛ ఉండదు. టికెట్ కొన్నవాళ్లకు ఆయన లెక్క చెప్పాలి.

ఆరో పని: ఫ్లోర్ కదలడం మొదలైనప్పుడు

పది దాటుతుండగా గది మారుతుంది. ఈ మార్పు ముందు కాళ్లలో కనిపిస్తుంది. బార్ దగ్గర నిల్చున్నవాళ్ల మడమలు, సోఫా అంచుకు జరిగిన మోకాళ్లు. గ్లాసు బల్ల మీద పెట్టేసి చేతులు ఖాళీ చేసుకున్నవాళ్లు ఇంకాసేపట్లో లేస్తారు. చాలా రాత్రుల్లో మొదట ఫ్లోర్ మీదకొచ్చేది నలుగురైదుగురు అమ్మాయిల గుంపు. వాళ్లు మధ్యలోకి రారు, అంచున నిలబడి ఊగుతారు.

సరిగ్గా ఇక్కడే తొందరపడకూడదు. వాళ్లు లేచారు కదా అని వెంటనే పెద్ద పాట వేస్తే ఆ ఒక్క పాటకు గెంతి, అది అవ్వగానే టేబుల్‌కు వెళ్లిపోతారు. వాళ్లను లేపిన దరువు లాంటిదే ఇంకో రెండు మూడు పాటలు కొనసాగించండి. కిక్ అదే, బేస్‌లైన్ తీరు అదే, పైన గొంతో కీబోర్డో మాత్రం మారాలి. పాట మారిన సంగతి వాళ్లకు తెలియకూడదు. పావుగంట వాళ్లు అక్కడే ఉన్నారంటే రెండో గుంపు తనంతట తానే వస్తుంది.

ఒక మిక్స్ దగ్గరగా చూద్దాం. మొదటి ప్లేయర్‌లో 119 బీపీఎం పాట చివరి భాగంలో ఉంది, గొంతు అయిపోయింది, డ్రమ్స్, బేస్ నడుస్తున్నాయి. రెండో ప్లేయర్‌లో 119.3కు సర్దిన కొత్త పాట. ముందు మొదటి పాట టెంపోను కూడా మెల్లగా 119.3కు జరపండి. 0.3 తేడా ఎవరికీ అందదు. కొత్త పాట లో నాబ్ పూర్తిగా ఎడమకు, హైస్ సగానికి పెట్టండి. పాత పాటలో కొత్త వాక్యం మొదలయ్యే ఒకటో బీట్ మీద ప్లే నొక్కండి. నాలుగు బీట్లు ఒక బార్, ఈ టెంపోలో పదహారు బార్లంటే సుమారు అర నిమిషం. మొదటి పదహారు బార్లలో కొత్త పాట వాల్యూమ్ ఫేడర్ పైకి రావాలి. జనానికి హైహ్యాట్లు కాస్త చిక్కబడినట్టు అనిపిస్తుంది, అంతే. పదిహేడో బార్ ఒకటో బీట్ మీద రెండు చేతులతో ఒకేసారి: కొత్త పాట లో నాబ్ మధ్యకు, పాత పాట లో నాబ్ సున్నాకు. రెండు బేస్‌లైన్లు ఒక్క బార్ కూడా కలిసి మోగకూడదు, కలిస్తే స్పీకర్లలో బురదే. తర్వాతి పదహారు బార్లలో పాత పాట మిడ్స్, హైస్ దించుకుంటూ ఫేడర్ కిందికి తెచ్చేయండి. మొత్తం నిమిషం పైచిలుకు. ఈ మిక్స్‌కు ఎవరూ చప్పట్లు కొట్టరు. ఫ్లోర్ మీద ఉన్నవాళ్లు అలాగే ఊగుతూ ఉంటే సరిగ్గా చేసినట్టే.

ఇలా పాటకు 0.3, 0.4 చొప్పున పెంచుకుంటూ పోతే పావుతక్కువ పదికి 116 దగ్గర ఉన్నవాళ్లు పదకొండింటికి 122, 123 దగ్గర ఉంటారు.

ఫ్లోర్ ఖాళీ అయిందనుకోండి. కంగారుపడి పాటను మధ్యలో కోసేయకండి. వెళ్లినవాళ్లు పాట నచ్చక వెళ్లారా, గ్లాసు నింపుకోడానికి వెళ్లారా చూడండి. బార్ దగ్గర నిలబడి ఇంకా తల ఊపుతుంటే మీ పాటకు ఏమీ కాలేదు. పబ్ ఓనర్‌కు బార్ దగ్గరి జనం కూడా కావాలి. నిజంగానే పాట తప్పయితే, తర్వాతి పాటలో గుర్తుపట్టగల గొంతు ఒకటి తీసుకురండి. టెంపోను మాత్రం ముట్టుకోకండి.

ఏడో పని: మనుషులు

తొమ్మిదిన్నరకు మేనేజర్ వస్తారు. "బ్రో, కొంచెం ఎనర్జీ పెంచండి, డల్‌గా ఉంది." ఆయన తప్పు లేదు, ఖాళీ ఫ్లోర్ చూస్తే ఆయనకు టెన్షన్. వాదించకండి. "సరే అన్నా, పది నిమిషాలివ్వండి" అని, తర్వాతి పాటగా అదే టెంపోలో బేస్‌లైన్ బరువుగా ఉండి గొంతు తెలిసినది ఒకటి వేయండి. ఆయనకు పెరిగినట్టే వినపడుతుంది, మీరు మాత్రం ఒక్క బీపీఎం కూడా ఖర్చు పెట్టలేదు. ఇలాంటి పాటలు నాలుగైదు విడిగా ఉంచుకోవాలి.

బర్త్‌డేలు తప్పవు. టేబుల్ 14కి మెరుపుల కొవ్వొత్తితో కేక్ బయల్దేరుతుంది, వెయిటర్ బూత్ దగ్గరికొచ్చి చేత్తో సైగ చేస్తాడు. మీ సెట్ ఆపి మామూలు బర్త్‌డే పాట వేస్తే ఫ్లోర్ అక్కడితో చల్లబడుతుంది. 118 దగ్గర దరువు ఉన్న బర్త్‌డే ఎడిట్ ముప్ఫై సెకన్లది ఒకటి ముందే తయారు చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. నడుస్తున్న పాటలోంచి దానిలోకి, దానిలోంచి తర్వాతి పాటలోకి దరువు తెగకుండా వెళ్లిపోవచ్చు. కేక్ కోసేవాళ్లకు సంతోషం, ఆడేవాళ్లకు ఇబ్బంది లేదు. రెండు టేబుళ్లకు బర్త్‌డే ఉంటే ఇద్దరికీ ఒకేసారి కానిచ్చేయమని మేనేజర్‌కు చెప్పండి.

ఫోన్ స్క్రీన్ మీద పాట పేరు టైప్ చేసి మొహం ముందు పెట్టేవాళ్లు వస్తారు. "అన్నా, ఒక్క మాస్ సాంగ్." నవ్వండి, బొటనవేలు చూపండి, "పదకొండు తర్వాత బ్రో, ఉండండి" అనండి. తెలుగు నైట్ అయితే అది అబద్ధమేమీ కాదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోకండి. ఒకసారి తీసుకుంటే ఆ రాత్రంతా ఆ టేబుల్‌కు మీరు జ్యూక్‌బాక్సే.

ఎనిమిదో పని: అప్పగింత

పదిన్నర తర్వాత గది దాదాపు నిండి ఉంటుంది. మీ చేతులు దురద పెట్టేది ఇప్పుడే. ఈ జనానికి మీ దగ్గరున్న ఆ పెద్ద పాట వేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. వేయకండి. గది ఉడుకుతూ ఉండాలి, పొంగకూడదు. చివరి అరగంటలో గొంతులు తగ్గించి, దరువు బిగించి, బేస్‌లైన్‌ను సూటిగా ఉంచండి.

గెస్ట్ సాధారణంగా పది నిమిషాల ముందు బూత్‌లోకి వస్తారు. పలకరించి, నీళ్ల సీసా ఇచ్చి, పక్కకు జరిగి డ్రైవ్ పెట్టుకోవడానికి చోటివ్వండి. చెప్పాల్సినవి నాలుగే: ఏ చానల్ నడుస్తోంది, టెంపో ఎంత, ఏ ప్లేయర్ లేదా నాబ్ సరిగ్గా పనిచేయడం లేదు, మాస్టర్ గురించి సౌండ్ ఇంజినీర్ ఏమన్నారు. "ఈ పాట తర్వాత ఎక్కుతారా, ఇంకోటి వేయనా?" అని అడగండి. ఆయన ఇప్పుడే అంటే ఇప్పుడే. 'ఇంకొక్కటి' అని బతిమాలే ఓపెనర్‌ను మళ్లీ పిలవరు.

చివరి పాట పొడవైన అవుట్రో (ముగింపు భాగం) ఉన్నది అయి ఉండాలి, డ్రమ్స్ మాత్రమే ఒక నిమిషమైనా నడవాలి. మీరు వాడని చానళ్ల ఈక్యూలన్నీ (లో, మిడ్, హై నాబ్‌లు) మధ్యకు, ఫిల్టర్ మధ్యకు, ఎఫెక్ట్ ఆఫ్. లూప్ ఏదీ ఆన్‌లో ఉండకూడదు. మీ పెన్‌డ్రైవ్‌ను మాత్రం ముట్టుకోకండి. మీ చివరి పాట దానిలోంచే మోగుతోంది, పైగా లింక్‌లో ఉన్న మిగతా ప్లేయర్లు కూడా దాన్నే చదువుతుండొచ్చు. ఆ పాట పూర్తిగా దిగిపోయి, గెస్ట్ రెండో పాట ఎత్తుకున్నాక, ఆయన తల ఊపితే యూఎస్‌బీ స్టాప్ బటన్ పట్టి ఉంచి, లైట్ ఆరాక తీయండి.

గెస్ట్ ఫ్లైట్ లేటయి పదకొండుకు రాలేదనుకోండి. ఇది మామూలే. ముప్పావు గంటకు సరిపడా పది పాటలు ఈ సందర్భం కోసమే ఉండాలి. పైకి పోకండి, పక్కకు పోండి: 123 దగ్గరే ఉండి రంగు మార్చండి. కాసేపు ఆఫ్రో, కాసేపు డిస్కో, కాసేపు గొంతులు. ఒకటీ అరా తెలిసిన పాటలు ఇప్పుడు ఖర్చు పెట్టొచ్చు, జనం ఎదురుచూస్తున్నారు కాబట్టి. గెస్ట్ కారు గేటు దాటిందని మేనేజర్ చెప్పగానే మళ్లీ దరువు బిగించి అప్పగింత పాటల్లోకి వచ్చేయండి.

దిగిన తర్వాత

వెంటనే ఇంటికి పోకండి. గెస్ట్ మొదటి అరగంట ఫ్లోర్ మీద నిలబడి వినండి. మీరు వదిలిన గదిని ఆయన ఎలా పట్టుకున్నారో, మీరు మిగిల్చింది సరిపోయిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకునే వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో క్లబ్బులు, కచేరీలకు సూచించిన పరిమితి సగటున 100 డెసిబెల్స్, చాలా గదులు అర్ధరాత్రికి దాన్ని దాటేస్తాయి. ఈ పని చేసేవాళ్లకు చెవులే పెట్టుబడి.

మర్నాడు పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెడితే రికార్డ్‌బాక్స్‌లో 'హిస్టరీ' కింద మీరు ప్లే చేసిన పాటలన్నీ వరుసగా ఉంటాయి. ఏ పాటకు జనం లేచారు, దేనికి కూర్చున్నారు అన్నది గుర్తున్నప్పుడే పక్కన రాసుకోండి. అదే పబ్ మళ్లీ పిలిస్తే డెబ్భైలో ఇరవై పాటలు మార్చాల్సి ఉంటుంది, ఏ ఇరవై అన్నది ఆ రాత చెబుతుంది. సౌండ్ ఇంజినీర్‌కూ మేనేజర్‌కూ ఒక థ్యాంక్స్ మెసేజ్ పెట్టండి. ఇన్‌వాయిస్ సోమవారమే పంపండి. డబ్బు అకౌంట్‌లో పడ్డాక టీడీఎస్ ఎంత కోశారో చూసుకుని, రిటర్న్ వేసేటప్పుడు క్లెయిమ్ చేసుకోవడం మర్చిపోవద్దు.